అనూరాధ చేతి బోణీ

అనూరాధ ఎక్కడ పనిచేస్తుందో విజయనగరంలో ఆమె ఉండే వీధిలో ఎవరికీ తెలియదు. బట్టల కొట్లో పని అని చెప్పుకుంది, వాళ్ళూ నమ్మారు. నిజానికి ఆమె పెద్దాసుపత్రిలో, ఎయిడ్స్ ఉన్నవాళ్ళకు నెలనెలా మాత్రలిచ్చే గదిలో నర్సు. సిగ్గుపడి దాచిందనుకునేరు, అదేం కాదు! ఆ గదికొచ్చే మనిషి రేపు ఏ సంతలోనో ఎదురై ఈమెను పలకరించిందనుకోండి, ఈమె ఉద్యోగం తెలిసినవాళ్ళు పక్కనుంటే చాలు, పాపం ఆ మనిషి బతుకు బజార్న పడుతుంది. అందుకని ఆరేళ్ళుగా నోరు కుట్టుకుని ఉంది.

చేపలమ్మే లక్ష్మణమ్మ ఆ గదికి రావలసిన మనిషే. మొగుడు వలస వేటకెళ్ళి తెచ్చిన జబ్బు. వాడు పోయాడు, జబ్బు ఈమెకు మిగిలింది. ఆసుపత్రి గేటు దగ్గర వాళ్ళ ఊరి ఆడవాళ్ళే రొయ్యలమ్ముతారు, అటు రావాలంటే ఆమెకు వణుకు. ఒకసారి మాత్రలు మానేసి చావుదాకా వెళ్ళొచ్చింది. ఇక లాభం లేదని డాక్టరమ్మతో మాట్లాడి అనూరాధే ఆ మాత్రలు తన ఇంటికి తేవడం మొదలుపెట్టింది.

రోజూ పొద్దున్నే లక్ష్మణమ్మ గంప మొదట దిగేది అనూరాధ గుమ్మంలోనే.

"నీ సేతి బోణీ అయితే మద్దేన్నానికల్లా గంప కాళీ అయిపోతాదమ్మా!" అని వీధంతా వినబడేలా అనేది. నెలకోసారి మాత్రల డబ్బా గంపలో గోనెగుడ్డ కిందికి వెళ్ళిపోయేది. ఇద్దరూ ముసిముసిగా నవ్వుకునేవారు.

ఇంతలో ఎదురింటి సూర్యకాంతం, కిరాణా కొట్టావిడ, కళ్ళు చూపించుకోవడానికి ఆసుపత్రికెళ్ళి, దారి తప్పి ఆ గదిలోకి తొంగిచూసింది. ఖర్మ కాకపోతే!

"బట్టల కొట్టంట, బట్టల కొట్టు! ఆ రోగం మందులిచ్చే కాడ నా కళ్ళతో సూసాను. ఇంక ఆవిడింటికి ఎవులెవులొస్తన్నారో కనిపెట్టుకోండి!" అంది సాయంత్రం అరుగు మీద కూర్చుని.

మర్నాడు లక్ష్మణమ్మ గంప ఎదురింట్లో దిగింది. ఆ తర్వాతి రోజూ అంతే. అనూరాధ ఫోన్ చేస్తే లక్ష్మణమ్మ కోడలెత్తి "ఎవులు?" అంది. ఏమని చెబుతుంది? పెట్టేసింది. లక్ష్మణమ్మ దగ్గరున్న మాత్రలు నిన్నటితో అయిపోయాయి.

మూడోరోజు అనూరాధ ఉండబట్టలేక, మాత్రల డబ్బా చెంగులో దాచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"లక్ష్మణమ్మా, ఇలా దించు. చేపలు కావాలి."

లక్ష్మణమ్మ ఆగింది. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళందరినీ ఓసారి చూసింది.

"నీ సేతి డబ్బులు నాకొద్దమ్మా!" అని అరిచింది. "ఏ రోగపోళ్ళని ముట్టుకొని వస్తన్నావో ఏటో! పిల్లలు తినే సేపలివి. నీకు నానియ్యను."

అరుస్తున్నంతసేపూ ఆమె చూపు తన మీద కాక ఎదురింటి గుమ్మం మీదే ఉండటం అనూరాధ గమనించింది. పిలవడానికి లేదు, వెనకాల పరుగెత్తడానికి లేదు. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడినా ఈ మనిషికి ఆ మనిషితో పనేమిటని వీధి ఆరా తీస్తుంది. లోపలికొచ్చి, మాత్రలను బియ్యం డబ్బా వెనక పెట్టింది.

"బాగా సెప్పేవే లక్ష్మణమ్మా!" అంటోంది బయట సూర్యకాంతం. "రా, ఇలా దించు. నాకో కేజీ ఎక్కువే ఇయ్యి."

తక్కిన ఆడవాళ్ళూ గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఆ రోజు లక్ష్మణమ్మ గంప వీధి చివరికి చేరకముందే ఖాళీ అయింది.