మౌసమ్మ కుడిచెయ్యి

పొద్దున్నే వంట చేసి, మొగుడికి కాఫీ ఇచ్చి, ప్రెస్సుకెళ్ళి సాయంత్రందాకా కంప్యూటర్లో కరపత్రాలు తయారుచేయడం మౌసమ్మ పని. చేతిలో మౌస్ వదలదని ప్రెస్సువాళ్ళు పెట్టిన పేరది. ఏళ్ళ తరబడి ఫైళ్ళు లాగి లాగి ఆమె కుడిచేతికి కంప్యూటర్ బుద్ధే పట్టుకుంది. ఇంట్లో వస్తువుని ఆ చేత్తో ఇంట్లోనే ఇంకోచోట పెడితే మామూలుగా జరిగేది. గడప దాటించి వేరేచోట పెడితే మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. డిస్కులోంచి పెన్‌డ్రైవ్‌లోకి లాగిన ఫైలు రెండయినట్టే. అందుకే పక్కింటి పిన్నిగారు కుక్కరు కావాలంటే, "నువ్వే తెచ్చిపెట్టమ్మా, నీ చేత్తో" అనేది. తిరిగివ్వాల్సిన బాధ లేదు.

ఒకరోజు పక్క ఊళ్ళో పెద్ద ప్రెస్సు నుంచి మేనేజరు ఉద్యోగానికి పిలుపొచ్చింది. మౌసమ్మ ఎగిరి గంతేసింది. మొగుడు సోఫాలోంచి లేవలేదు.

"మరి వంటో?"

"మీరు నేర్చుకోండి."

ఆ మాటకి ఆయన ముఖం పాలిపోయింది. "నీ కుడిచేత్తో నీ ఎడంచెయ్యి పట్టుకుని వెళ్ళు. ఒకత్తివి అక్కడ, ఒకత్తివి ఇక్కడ. ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నాడు.

ఆమెకీ సబబే అనిపించింది. అలాగే బస్సెక్కి వెళ్ళి మేనేజరు కుర్చీలో కూచుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో అంట్ల ముందు కూడా కూచునుంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నాకు ఏసీ గది ఇచ్చారే!" అంది పక్క ఊళ్ళో ఉన్నామె.

"నాకు మాడిన గిన్నె ఇచ్చారు" అంది ఇంట్లో ఉన్నామె. "అయినా గంతేసింది నేను కదే? వెళ్ళిందేమో నువ్వు!"



"ఏమోయ్, కాఫీ!" హాల్లోంచి కేక.

ఆమె చెయ్యి తుడుచుకుని వెళ్ళి, కుడిచేత్తో మొగుడి మణికట్టు పట్టుకుంది.

"ఎక్కడికే?"

"దూరమేం లేదు, రండి."

తీసుకెళ్ళి పొయ్యి ముందు వదిలింది. ఇల్లొకటే కదా, సోఫాలో ఇంకో మొగుడు మిగల్లేదు. ఆయన మెడ సాచి మరీ చూసుకున్నాడు. సోఫా ఖాళీ.

"బియ్యంలో నీళ్ళెన్ని పొయ్యాలి?" అన్నాడు నీరసంగా.

చెప్పింది. తర్వాత ఫోనందుకుని, "ఆ కుర్చీలో ఇద్దరం వంతులేసుకుందాం. రేపొస్తున్నా" అంది.

మర్నాడు చేతులు ఊపుకుంటూ బస్సెక్కింది. తన చెయ్యి తాను పట్టుకోలేదు కాబట్టి వెనక ఎవరూ మిగల్లేదు, పొయ్యి దగ్గర ఆయన తప్ప.