మగ్గం గుంట

యుద్ధం రోజుల్లో పామర్రుకి కలరా వచ్చింది. జబ్బు తగిలినవాళ్ళని ఊరవతల తాటాకు పాకలో చేర్చారు. కన్నతల్లయినా సరే లోపలికి రాకూడదన్నారు. పాకలోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని నేతగాళ్ళ పేటంతా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, వచ్చినవాళ్ళుంటేగా!

అందుకని జబ్బు మనిషిని మగ్గం కింద, నేసేవాడు కాళ్ళు పెట్టుకునే గుంటలో దాచడం నేర్చారు. మగ్గం చప్పుడులో ఇల్లిల్లూ వెతికే శానిటరీ ఇన్‌స్పెక్టరుకి మూలుగు వినపడదు. ఎంత తెలివో చూడండి!

వీరభద్రయ్య కూతురు నాగమల్లేశ్వరికి తెల్లారగట్ల వాంతులు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి కళ్ళు లోపలికి పోయాయి. తల్లి హనుమాయమ్మ పిల్లని గుంటలోకి దించింది. తండ్రి కాళ్ళు ఒక పక్కకి ఒదిగించుకుని నేస్తూ కూర్చున్నాడు.

బెజవాడ నుంచి కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు సొలొమోను ఆ మధ్యాహ్నం బంట్రోతు లేకుండా ఒక్కడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“పాక ఇప్పుడు నా చేతిలో ఉందమ్మా. పాత పద్ధతి తీసేశాను. తల్లి పిల్ల దగ్గరే ఉండొచ్చు. నరానికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తుంటే లేచి కూచుంటున్నారు. ఆలస్యమైతేనే నేనేం చెయ్యలేను.”

“మేమంతా బానే ఉన్నామండీ” అన్నాడు వీరభద్రయ్య, మగ్గం ఆపకుండా.

“సాయంత్రం మళ్ళీ వస్తాను” అని డాక్టరు లేచాడు.

హనుమాయమ్మకి పిలవాలని నోటిదాకా వచ్చింది. ఇలాగే తియ్యగా మాట్లాడి తోటికోడల్ని తీసుకెళ్ళారు, కడసారి చూపైనా దక్కలేదు. పిలవలేదు.

సాయంత్రానికి గుంటలో మూలుగు ఆగిపోయింది. డాక్టరు గుమ్మంలోకి రాగానే, “మగ్గం ఆపవయ్యా!” అని హనుమాయమ్మ మొగుడి మీద అరిచి గుంట చూపించింది. డాక్టరు బూట్లతోనే గుంటలోకి దిగి పిల్లని ఎత్తుకుని పాకకి నడిచాడు. కాపలావాడు అలవాటుకొద్దీ హనుమాయమ్మని అడ్డుకుంటే, “తల్లిరా, దారి వదులు” అన్నాడు డాక్టరు.

ఉప్పునీళ్ళు ఎక్కిద్దామని రెండు చేతులూ, చీలమండా వెతికినా నరం దొరకలేదు. పిల్ల తల్లి ఒళ్ళోనే పోయింది.

“మధ్యాహ్నమే నేను గట్టిగా అడగాల్సిందమ్మా” అని డాక్టరు నేల మీద కూలబడ్డాడు. పక్క మంచం మీద ఒక ముసలామెకి కూతురు గంజి తాగిస్తోంది. అది చూసి హనుమాయమ్మ గుండెలు బాదుకుంది.

పేటకి వచ్చేసరికి పొరుగింటి చౌడయ్య మగ్గం ఆడుతోంది. చీకటి పడ్డాక ఎవరూ నెయ్యరు. ఆమె అక్కడికే పరుగెత్తింది.

“అన్నయ్యా, గుంటలో ఎవరున్నారు? నీ కాళ్ళు పట్టుకుంటా, డాక్టరుగార్ని పిలు. నా పిల్లని ఎవరూ లాక్కుపోలేదు. నేనే దాచి చంపుకున్నా.”