నాయిన నొప్పి బిడ్డ నోట

పొద్దుగాల్నే మైసయ్య తోలు కుట్టే ఆరె, దారం సంచిలేసుకొని దొర గడికి వెట్టికి పోతడు. దొరవారికి చెప్పులు కుట్టాలె, చచ్చిన గొడ్లను ఈడ్వాలె. గడిల మూల్గితే తప్పు. అబ్బా అన్నా దొరను తిట్టినట్టే లెక్క. గందుకే ఆయన నొప్పి ఆయన నోట రాదు, ఏడున్నా బిడ్డ జానమ్మ నోట వస్తది. ఆరె వేలికి దిగితే ఈడ పిల్ల "అబ్బా" అంటది. మైసన్నకు గుచ్చుకున్నట్టుంది అనుకొని వాడకట్టోళ్లు ఎవరి పనిల వాళ్లుంటరు.

ఒకనాడు గా అరుపు దొర చెవిన పడ్డది. ఇంకోసారి వింటే నాలుక కోయిస్తనన్నడు. తల్లి సుక్కమ్మ భయపడి పిల్లను దేవరకొండ బాటల ఉన్న మిషన్ బంగ్లల పనికి పెట్టింది. ఆడ తెల్ల దొరసాని సూది గుచ్చుకుంటె "ఔచ్" అంటది, కంపు కొడితె "యక్" అంటది. పిల్ల నోటికి గవే పట్టినయి. ఆ బాటల పోతూ దొర విని, మైసిగాని పిల్లకు ఇంగ్లీషొచ్చిందిరో అని పడి పడి నవ్విండు. పొద్దూకినంక బిడ్డ చెప్తది, ఇయ్యాల ఔచే ఎక్కువొచ్చిందని. సుక్కమ్మ మొగడొచ్చేసరికి పసుపు నూనె కాగబెట్టి ఉంచేది.

దొరసాని మంచిదే. ఎదిగిన ఆడపిల్ల గట్ల అరవొద్దని, నోటికి అడ్డం పెట్టుకోమని తెల్ల రుమాలిచ్చింది. పిల్ల నేర్చుకున్నది. బిడ్డ ఎంత నిమ్మళమైందో అని సుక్కమ్మ వాడంత చెప్పుకొని మురిసింది. పాపం, ఆమెకేం ఎరుక.

ఆ ఎండకాలం కొత్త చెప్పు దొర కాలిని కరిసింది. మైసయ్యను కట్టేసి కొట్టిచ్చిండు. బంగ్లల అప్పుడు ప్రార్థన నడుస్తాంది. జానమ్మ గొంతుల ఏందో పొంగుకొచ్చింది. నలుగురిల బాగుండదని రుమాలు నోట్ల కుక్కుకున్నది. బయటికి రాని నొప్పి ఎన్కకు, నాయిన పానం మీదికే మళ్లింది. సాయంత్రం మైసయ్య పీనుగను మంచమ్మీద మోసుకొచ్చిన్రు.

బొందపెట్టి వస్తుంటె తుమ్మముల్లు జానమ్మ కాల్ల దిగింది. పిల్ల రుమాలు నోటికి ఒత్తుకున్నది.

"ఔచ్" అన్నది సుక్కమ్మ. పుట్టినకాడికెల్లి ఇంగ్లీషు ముక్క పలకని సుక్కమ్మ.

ఆమెకు గప్పుడు ఎరుకైంది. రుమాలు గుంజి అవతల పారేసింది. బిడ్డను గట్టుమీద కూసోబెట్టి, కాలు ఒళ్ళె పెట్టుకున్నది.

"మీ నాయిన లెక్క మింగకు బిడ్డా. నీ నొప్పి నువ్వే అరవాలె" అని ముల్లు పీకింది.

"నాయినా" అని జానమ్మ నోరు తెరిసి ఏడ్సింది. గా ఏడుపు గడి దాక పోయింది. ఈసారి దొరకు నవ్వు రాలే.