కబురు ఎవరికి?

పొద్దున నీళ్లు పోసి ఉంచిన అన్నం మీద మూత పెట్టిందో లేదో కుంతలకు గుర్తు రాలేదు. పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చుని తలుచుకోవాల్సింది అదా అని తన మీద తనకే విసుగొచ్చింది. బడి వంటగదికి కుళాయి పెట్టించమని తోటి వంటవాళ్లతో కలిసి రోడ్డు మీద బైఠాయించింది. పోలీసులు గద్దించగానే మిగతావాళ్లు లేచారు. ఎనభై మంది పిల్లల వంటకు పదిహేనేళ్లు బిందెలు మోసిన నడుము ఇవాళ మాత్రం లేవనంది. మధ్యాహ్నానికి అరెస్టు చేశారు.

కానిస్టేబుల్ ఝును కాగితం ముందేసుకుంది. "అక్కా, నిన్ను పట్టుకొచ్చినట్టు ఒకరికి కబురు చెయ్యాలి. చట్టం. మీ ఆయన నంబరు చెప్పు."

"ఆయనకే చెయ్యాలా?"

"అదేం లేదు. చుట్టమో, స్నేహితులో, నీ బాగు కోరేవాళ్లెవరైనా సరే. నీ ఇష్టం. లాయరు కావాలంటే ఉచితంగా ఇస్తారు. ఇరవై నాలుగు గంటల్లోపు జడ్జి ముందు హాజరుపరుస్తాం."

నీ ఇష్టం. రేషన్ కార్డు నుంచి ఆస్పత్రి చీటీ దాకా ప్రతి గడిలో మొగుడు ధనేశ్వర్ పేరే రాసింది. కబురు చేస్తే వస్తాడు. రాగానే, "ఇంటి పరువు రోడ్డు మీద కూర్చోబెట్టావు కదే" అంటాడు. "మొగుడి నోట్లో ముద్ద పెట్టే వేళకు ఊరేగింపులా?" అని అత్తగారు అందుకుంటుంది. బాగు కోరేవాళ్లంటే లావణ్య. కుట్టు నేర్చుకునే రోజుల్లో ఒకే మిషను మీద వంతులేసుకుని కుట్టేవాళ్లు. "మొగుణ్ణి వదిలేసినదానితో నీకేం పని?" అని ధనేశ్వర్ అన్నాక పదకొండేళ్లుగా మాటల్లేవు. బజారుకు బస్సులో వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి లావణ్య కొట్టు బోర్డు చూసేది. బస్సు మలుపు తిరిగేలోపు దాని మీది ఫోను నంబరు చదివేది. ఒక్కసారీ చెయ్యలేదు.

ఇప్పుడు లావణ్య పేరూ, ఆ పది అంకెలూ తడుముకోకుండా చెప్పింది.

"ఈమె నీకేమవుతుంది?"

"ఏమీ కాదు. నా బాగు కోరేదని రాయి."

ఝును ఫోను చేసి, విషయం చెప్పి, కుంతల చేతికిచ్చింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"పోలీసులు పట్టుకెళ్తే గానీ గుర్తు రాలేదుటే నేను?"

కుంతల ముక్కు ఎగబీల్చింది.

"ఏడవకు. కొట్టు కట్టేసి వస్తున్నా. అక్కడే ఉండు, ఎక్కడికీ కదలకు."

"ఎలా కదుల్తానే? అరెస్టు చేశారు కదా!" అంది కుంతల, పెళ్లయ్యాక మొదటిసారి పెద్దగా నవ్వుతూ.