అక్కర్లేని ప్యాకేజీలు

మా అన్నయ్య గొంతు మూడొందల నలభై ఎంబీ. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేయక ముందు పదమూడు రోజులు ఒక ల్యాబులో కూర్చుని వాక్యాలు చదివాడు. వాళ్ళు ఆ రికార్డింగులన్నీ కలిపి ఒక ప్యాకేజీ చేసిచ్చారు. ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తే అది అచ్చం అన్నయ్య గొంతుతో చదివేది, చివర్లో ముక్కుతో కాస్త లాగడంతో సహా. నాలుగేళ్ళుగా వాళ్ళింట్లో అన్నయ్య మాటంటే అదే.

నాది సర్వర్లు చూసుకునే ఉద్యోగం. కమాండ్ చివర మైనస్ వై తగిలించడం నాకలవాటు. ఏవేవి తీసేస్తుందో జాబితా చూపించి ‘సరేనా?’ అని కంప్యూటర్ అడిగేలోపే ‘సరే’ అనేయడమన్నమాట. ఆఫీసులో కొత్తవాళ్ళకి మాత్రం, జాబితా చదవకుండా సరే అనొద్దని క్లాసు పీకుతాను.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని వదిన పిలిచింది. టైపు చేసిన పది సెకన్లకి గానీ మాట రావడం లేదట.

“మీ అన్నయ్య జవాబు చెప్పేసరికి నేనేం అడిగానో మర్చిపోతున్నాను,” అంది.

అన్నయ్య టైపు చేశాడు. పది సెకన్లు ఆగి, “అడగడం తగ్గించు,” అంది మిషన్. ముగ్గురం నవ్వాం. వంట ముగించి టీ పెట్టుకొస్తానని వదిన వంటింట్లోకి వెళ్ళింది.

డిస్కు నిండిపోయింది. ముందు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దించుకున్న పాత ఫైళ్ళన్నీ ఊడ్చేశాను. తర్వాత, టైపు చేసింది చదివే పాత ప్రోగ్రాం తీసేశాను. కొత్త వెర్షన్ వేసే ముందు, చేతి అలవాటు కొద్దీ, ఇక ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీలన్నీ తీసేయమని కమాండ్ కొట్టాను. మైనస్ వైతో సహా.

అన్నయ్య గొంతు ఆ పాత ప్రోగ్రాంకి తోడుగా వచ్చిన ప్యాకేజీ. ప్రోగ్రాం పోయాక, కంప్యూటర్ లెక్క ప్రకారం దాంతో ఎవరికీ పని లేదు. దాని పేరు తెర మీద ఒక వరసలో కనిపించి పైకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఇన్‌స్టాల్ చేయబోతే ఆ పేరుతో ఏదీ లేదంది. ల్యాబు సర్వర్ పలకలేదు. ఫోన్ నంబరూ పనిచేయడం లేదు. నెట్‌లో వెతికితే, ల్యాబు మూసేసి రెండేళ్ళయిందట. దించుకున్న ఫైలు నేనే ఊడ్చేశాను. చెరిపిన ఫైళ్ళు వెలికితీసే ప్రోగ్రాం పెట్టి చూసినా ఏమీ దొరకలేదు. ఊళ్ళోవాళ్ళ సర్వర్లకి రోజూ కాపీ తీసేదాన్ని, దీనికొక్క కాపీ తీసిపెట్టాలని నాలుగేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

అన్నయ్య నా మొహం చూశాడు. చెప్పేశాను. చెప్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“తిట్టు అన్నయ్యా,” అన్నాను. తిట్టడానికి కూడా గొంతు లేకుండా చేశానని అన్నాక తట్టింది.

కొత్త ప్రోగ్రాంతో పాటు ఒక గొంతు ఊరికే వస్తుంది. శుభ్రంగా ఉండే, ఎవరిదీ కాని మగ గొంతు. అది వేసిచ్చాను. అన్నయ్య ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని టైపు చేశాడు. ఈసారి ఒక్క సెకను కూడా ఆలస్యం కాలేదు.

“మీ వదినకి నువ్వేం చెప్పకు. దానంతట అదే పాడైందని నేను చెప్తాను,” అంది మిషన్.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి వదిన ట్రే పట్టుకుని వచ్చి, మా ఇద్దరినే చూసి, వీధి తలుపు వైపు చూసింది. ట్రేలో నాలుగు కప్పులున్నాయి.

“ఎవరిదో గొంతు వినబడితే ఇంకో కప్పు పోశాను,” అంది. “అప్పుడే వెళ్ళిపోయారా?”