రెక్క మీద పూత

లియోంతిన్ బెజాన్ ఆ విమానాశ్రయానికి డైరెక్టర్ కాకముందు ఊళ్లో సోఫాలు, భోజనాల బల్లలు అమ్ముకునేవాడు. జిల్లా మండలి అధ్యక్షుడికి స్వయానా బావమరిది. ఆ అర్హత చాలని పైవాళ్లు అనుకున్నారు. వచ్చిన మొదటి నెలలో తన గదిలో తోలు కుర్చీ వేయించుకున్నాడు. రెండో నెలలో గోడకు 'ఆలస్యం లేని రోజులు' అని ఓ బోర్డు కొట్టించాడు. విమానం రెక్కల మీద మంచు కడిగేవాళ్లను మాత్రం 'బకెట్ల బ్యాచ్' అనేవాడు.

పెత్రోనెలా ఆ బ్యాచ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంది. హెడ్‌సెట్ ఆమెది. విమానం ముక్కు దగ్గర తీగ తగిలించి లోపలి కెప్టెన్‌తో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ట్రక్కు మీది బుట్టలో నిలబడి ద్రవం చల్లే గవ్రిల్ ఆమెకు చెబుతాడు, ఆమె కెప్టెన్‌కు చెబుతుంది. మధ్యలో ఇంకొకరు నోరు పెట్టకూడదు. మొదలుపెట్టిన గొంతే ముగించాలి. తన విమానాశ్రయంలో తనకు లేని మాట ఒక ఆడమనిషికి ఉండటమేమిటని బెజాన్‌కు ఒళ్లు మంట. అప్పటికే ఆమెకు రెండు మెమోలు ఇచ్చాడు. మొదటిది ఒక విమానాన్ని ఆరు నిమిషాలు ఆపినందుకు, రెండోది ఎందుకు ఆపిందో ఆయనకు వివరించినందుకు. మూడోది వస్తే ఉద్యోగం ఊడుతుంది. మొగుడు పోయాక ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం.

ఆ ఫిబ్రవరి ఉదయం బుకారెస్ట్ వెళ్లే విమానంలో అధ్యక్షుడుగారు ఎక్కారు. కాబట్టి బెజాన్ కూడా పొడుగు కోటు, పల్చటి తోలు బూట్లు వేసుకుని మంచులోకి వేంచేశాడు. పని నేర్చుకోవడానికి ఒక్కనాడూ అటు తొంగిచూడని పెద్దమనిషి, బావగారి కిటికీకి చెయ్యి ఊపడానికి మాత్రం గంట ముందే వచ్చి నిలబడ్డాడు. టవర్‌తో మాట్లాడే రేడియోను కూడా బ్యాచ్ దగ్గర నుంచి తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. చేతిలో రేడియో ఉంటే అధికారిలా కనిపిస్తాడని ఆయన నమ్మకం.

మంచు జోరుగా కురుస్తోంది. గవ్రిల్ కాగే నారింజ రంగు ద్రవంతో రెక్కల మీది మంచు కడిగేశాడు. ఇక పడబోయే మంచును ఆపడానికి ఆకుపచ్చటి చిక్కటి పూత వేయాలి.

"అక్కా, ఆకుపచ్చది మొదలెడుతున్నా. తొమ్మిదీ పది."

"తొమ్మిదీ పది, రాసుకున్నా. ఎడమ రెక్క కొస వదిలేయకు, మొన్నటిలా."

"మొన్న నువ్వు తిట్టావుగా, అలిగి వదిలేశా."

"అలక ఇంటికెళ్లి మీ ఆవిడ మీద చూపించు."

ఆ పూత కురిసే మంచును కొంతసేపే మింగుతుంది. ఆనాటి చలికి, ఆ జోరుకు బ్యాచ్ దగ్గరుండే పట్టిక ఇచ్చిన గడువు ఇరవై అయిదు నిమిషాలు. ఆ లెక్క పూత మొదలైన క్షణం నుంచే, ఎందుకంటే ముందు పూసిన రెక్క మీద అప్పటి నుంచే మంచు పడుతూ ఉంటుంది. ఈ సంగతి ఆ బ్యాచ్‌లో అందరికీ తెలుసు.

తొమ్మిదీ ఇరవై రెండుకు పూత ముగిసింది. గవ్రిల్ రెక్కలు రెండూ చూసి బాగున్నాయన్నాడు. పూత వేళ ఎంతని కెప్టెన్ అడిగాడు. పెత్రోనెలా నోరు తెరిచేలోపు బెజాన్ ఆమె చెవుల మీంచి హెడ్‌సెట్ లాగేసుకున్నాడు.

"పూత తొమ్మిదీ ఇరవై రెండు. అంతా శుభ్రం. ఇక బయల్దేరండి" అని ముక్కు దగ్గర తీగ పీకేశాడు.

"సార్, చెప్పాల్సింది తొమ్మిదీ పది. మొదలైన వేళ చెప్పాలి" అంది పెత్రోనెలా.

"నాకు పాఠాలు చెప్పకమ్మా. ఇరవై ఏళ్లు బల్లలకు వార్నిష్ వేయించినవాణ్ణి. పూత పూర్తయ్యాకే ఏ లెక్కయినా."

"బల్ల మీద మంచు కురవదు సార్. బల్ల ఎగరదు కూడా."

"నోరు మూసుకుని పక్కన నిలబడు. లోపల మా బావ ఉన్నాడు."

ఆమె పక్కన నిలబడింది. ఈ విషయంలో ఆమె తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. రన్‌వే మీద మంచు ఊడ్చే బండి ఇంకా తిరుగుతూనే ఉంది. అది పని ముగించేసరికి గడువు దాటితే కెప్టెనే ఆగుతాడని మనసుకు సర్దిచెప్పుకుంది. కానీ కెప్టెన్ చెవిలో పడింది ఇరవై రెండు. అతని గడువు తొమ్మిదీ నలభై ఏడు దాకా ఉంది, అసలు గడువు ముప్ఫై అయిదుకే చెల్లిపోతుంది. రేడియో ఇమ్మని రెండుసార్లు అడిగింది. బెజాన్ బావగారి కిటికీ వైపు తిరిగి నవ్వుతూ ఉన్నాడు.

తొమ్మిదీ ముప్ఫై ఏడుకు బండి రన్‌వే దిగింది. విమానం ముందు దీపం వెలిగింది, చక్రాలు కదిలాయి. పెత్రోనెలాకు ఇల్లు గుర్తొచ్చింది, మూడో మెమో గుర్తొచ్చింది. అయినా కెప్టెన్ కంటికి ఎదురుగా పరుగెత్తి నిలబడి, రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టింది. ఆ సైగకు ఏ దేశంలోనైనా ఒకటే అర్థం. విమానం ఆగింది.

"అయిపోయింది నీ పని, మూడో మెమో ఇవాళే" అని వెనక నుంచి బెజాన్ అరుస్తున్నాడు.

ఇంజన్లు ఆగాయి. మెట్లు వేశారు. కెప్టెన్ స్తవారు, బక్కపల్చటి మనిషి, దిగి వచ్చి నేరుగా గవ్రిల్ బుట్ట ఎక్కాడు. తొడుగు తీసి వట్టి చేత్తో ఎడమ రెక్క తడిమాడు. అక్కడ పూత మెరుపు పోయింది, పైన పడ్డ మంచు కరగకుండా గట్టిపడుతోంది. కిందికి దిగేసరికి అతని ముఖం పాలిపోయి ఉంది. అప్పటికి అధ్యక్షుడుగారు కూడా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇది పావుగంట పూత కాదు. నాకు ఇరవై రెండని ఎవరు చెప్పారు?" అన్నాడు కెప్టెన్.

బెజాన్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఈవిడేనండి. రెండు మెమోలిచ్చినా బుద్ధి రాలేదు. ఇవాళే ఇంటికి పంపిస్తున్నా. మీరేం కంగారు పడకండి."

పెత్రోనెలాకు అతన్ని చూస్తే కోపం కూడా రాలేదు, ఇలాంటివాడికి ఇన్నాళ్లూ 'సార్' అన్నందుకు సిగ్గేసింది.

కెప్టెన్ ఆమెను చూశాడు, తర్వాత బెజాన్‌ను చూశాడు. హెడ్‌సెట్ ఇంకా బెజాన్ మెడలోనే వేలాడుతోంది.

"నాకు చెప్పింది మగ గొంతండి" అన్నాడు కెప్టెన్. "గొంతు మారిందేమని అడిగేలోపే తీగ పీకేశారు. ఏదీ, ఆ వేళ ఇంకొక్కసారి చెప్పండి, మీ బావగారు కూడా వింటారు."

బెజాన్ తలుపు దగ్గరున్న బావగారి వైపు చూశాడు. పెత్రోనెలా దగ్గరికి వెళ్లి అతని మెడలోంచి హెడ్‌సెట్ తీసుకుంది, కోటు జేబులోంచి రేడియో కూడా తీసుకుంది.

"గవ్రిల్, నారింజ రంగుతో మళ్లీ మొదలెట్టు" అంది.