పసుపు గడి

నల్లగొండలో తోటల యాత్ర అని కొత్తగా ఒకటి మొదలైంది. గుళ్లు చూసినట్టే ఇళ్ల ముందరి తోటలు చూసి రావడం. చలికాలంలో ఒక ఆదివారం పదిహేను మంది మినీ బస్సెక్కి, నాలుగు ఇళ్లు తిరిగి, పూల ముందు ఫోటోలు దిగి, ఆఖరి ఇంట్లో ఉప్మా తిని వస్తారు. మామూలుగా మొక్క నాటినవాడికి ఆ బస్సులో చోటుండదు. గండయ్య మాత్రం ఈసారి ఎక్కాడు. డ్రైవరు పక్కన, కాళ్ల మధ్య నీళ్ల క్యాను పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ నాలుగు తోటల్లో మూడు అతను వేసినవే. బస్సులో ఆ సంగతి అతనికి, స్నేహలతకు తప్ప మూడో మనిషికి తెలియదు. స్నేహలత ఈ యాత్రకు పెద్ద. ఆమె ఇంటి వెనక రేకుల గదిలోనే గండయ్య ఉంటున్నాడు. కిరాయి లేదు, బదులుగా తోట పని. వారం కిందట ఆమే అతన్ని పిలిచి చెప్పింది.

"నార్కట్‌పల్లి దిక్కు అరవై ఇండ్లు కడుతున్నరు గండయ్యా. వాటికి తోటలేయించే ఉష మేడం ఆదివారం మనతోని వస్తాంది. మా ఇంటికాడ అందరి ముంగట నిన్ను చూపిస్త. గివన్ని వేసింది ఈయనే అని నేనే చెప్త."

అరవై తోటలు. ఆ మాట విన్నప్పటి నుంచి గండయ్య కాళ్లు నేల మీద లేవు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లికొడుకులా తెల్ల అంగీ ఇస్త్రీ చేయించుకున్నాడు.

గండయ్య పుట్టుకతో మాలి కాదు, మగ్గం మనిషి. చౌటుప్పల్ అవతలి ఊళ్లో నడివయసు దాకా చీరలు నేశాడు. మగ్గం కూడు పెట్టక నల్లగొండ వచ్చి పార పట్టాడు గానీ, చేతి పని చేతిని వదల్లేదు. ఇప్పటికీ ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకుంటాడు. రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టినట్టే, తాళ్లకు కొలత ప్రకారం గుడ్డ పేలికలు కట్టి, పడుగులాగా నేల మీద సాగదీస్తాడు. పేలిక ఉన్నచోట తెల్ల మొక్క, లేనిచోట ఎర్ర మొక్క.

ఊళ్లో ఉన్నప్పుడు చిటికి కట్టింది అతని భార్య లక్ష్మీనర్సమ్మ. ఏ చీరకైనా సరే, కొంగు మూలన ఒక్క గడిలో మాత్రం, ఉండాల్సిన రంగు కాకుండా పసుపు దించేది. "చీర మీద మన పేరు రాయరు గద. అమ్మినోని పేరే చెప్తరు. యే పెండ్లిలనన్న కనవడితే, మనదని మనకన్న తెల్వాలె" అనేది. చీరలు కొనే సేటు దాన్ని ఒక్కనాడూ కనిపెట్టలేదు. ఆమె పోయి ఆరేళ్లు. ఆ పసుపు గడిని గండయ్య ఇప్పుడు తోటల్లో వేస్తున్నాడు. తోటకు ఒకటి, ఒక మూలన.

మొదటి ఇల్లు బ్యాంకులో పనిచేసే మంజులది. మిద్దె మీద పాత డ్రమ్ముల్లో వంకాయ, బచ్చలి, పొట్ల. అంతా ఆమె స్వయంగా పెంచుకున్నదే, గోళ్లలో మట్టి కూడా ఉంది. గండయ్యకు ఆమె మీద గౌరవం కలిగింది.

రెండోది రిటైరైన లెక్చరర్ రాంచందర్‌ది. గుండ్రంగా పచ్చిక, చుట్టూ వరుసలుగా క్రోటన్లు. "మా అల్లుడు బెంగుళూరు నుంచి ప్లాను గీసి పంపిండు" అన్నాడాయన, గండయ్య వైపు చూడకుండా. ఆ అల్లుడు ఈ గడప తొక్కి రెండేళ్లయింది. ఆ గుండ్రం గీసిన గళ్ల కాగితం ఇంకా గండయ్య దగ్గరే ఉంది.

మూడోది డాక్టర్ శైలజది, నీళ్లు పెద్దగా అడగని తోట. గులకరాళ్లు, బ్రహ్మజెముడు, కలబంద. "ఫోన్ల చూసి చేయించిన" అందామె. ఫోన్లో ఆమె ఏం చూసిందో ఏమో గానీ, ఎర్ర రాళ్లూ తెల్ల రాళ్లూ విడివిడిగా ఏరడానికి గండయ్య నడుము వారం రోజులు వంగే ఉంది. కానీలే అనుకున్నాడు. అసలు మాట నాలుగో ఇంట్లో కదా చెప్పేది.

స్నేహలత గేటు తీయగానే అందరూ అక్కడే ఆగిపోయారు. ముంగిలంతా పరిచిన రుమాలులా ఉంది. ఎర్ర బిళ్లగన్నేర్ల మధ్య తెల్ల బిళ్లగన్నేర్లు మెట్లుమెట్లుగా, గడిలో గడిగా, ఎటునుంచి చూసినా ఒకే తీరుగా.

"అక్కా, ఇది ఎవరి డిజైను?" అంది ఉష. "మాకు గిట్లాంటిదే గావాలె."

గండయ్య క్యాను కింద పెట్టి అంగీ సర్దుకున్నాడు.

స్నేహలత నోరు తెరిచింది. అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి, ఫోన్లు కూడా. మెప్పు అంత దగ్గరికి వచ్చాక పక్కకు జరిగి దారివ్వడానికి చాలా పెద్ద మనసుండాలి. అది ఆమెకు లేదు.

"నాదే" అంది. "మా అవ్వ చీర చూసుకుంట గీసిన."

"అయితే మా అరవై ఇండ్లకు మీరే గియ్యాలె."

"దాందేముంది, గీస్త."

అంతే అయిపోయింది. గండయ్యకు ఒళ్లంతా మండింది. ఆమె ముఖంలో మాత్రం చిన్న తడబాటు కూడా లేదు.

ఉష మూలకు వెళ్లి వంగింది. "ఈడ పసుపు బంతి ఉందేంది? రాంచందర్ సార్ ఇంట్ల కూడా ఒక్కటే పసుపు మొక్క చూసిన. డాక్టరమ్మ రాళ్లల్ల ఒక పసుపు రాయి. మూడింట్ల ఒక్కతీరుగ ఎట్లొచ్చింది?"

అన్నేళ్లు సేటు కంట పడనిది ఈమె కంట పడింది. గండయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"మూడు జాగాలల్ల పనిచేసింది ఒక్కడే గద, గీ గండయ్య" అంది స్నేహలత. "జర లెక్క తప్పుతడు, పాపం. ఏం గండయ్యా?"

తప్పు కాదమ్మా, గుర్తు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. స్నేహలత చూపు మెల్లగా రేకుల గది వైపు పోయి, తిరిగి అతని మీదికి వచ్చింది. పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

"అవునమ్మా" అన్నాడు గండయ్య. "చూసుకోలె. తప్పైంది."

తన నోటి మీద తనకే రోత పుట్టింది. పోయిన లక్ష్మీనర్సమ్మ చేతి గుర్తును పదిమంది ముందు తప్పని ఒప్పుకున్నాడు.

"ఫోటో దిగాలె, అది పీకెయ్యి" అంది స్నేహలత. పీకాడు. ఆ గుంతలో తెల్ల బిళ్లగన్నేరు పెట్టి మట్టి అదిమాడు. అందరూ వరుసగా నిలబడి ఫోటో దిగారు.

బస్సు ఎక్కబోతూ ఉష అతన్ని పిలిచింది. "పెద్దాయనా, డిజైను మేడం ఇస్తది. తవ్వి నాటెటోళ్లు గావాలె మాకు, వస్తవా? గని గిసొంటి తప్పులు చెయ్యొద్దు."

"వస్తనమ్మా."

నంబరు అడిగితే ఒక్కో అంకె విడిగా చెప్పాడు. పేరు కూడా చెప్పాడు.

"మా తాన ఇప్పటికే ఇద్దరు గండయ్యలున్నరు, యాదికుండది" అంటూ ఆమె ఫోనులో ఏదో రాసుకుంది. సన్న నూలు పోగులు చూసిన కళ్లు గండయ్యవి. ఎదురుగా నిలబడే చదివాడు. పేరు ఉండాల్సిన చోట 'పసుపు తప్పు' అని ఉంది.

నంబరు సరిగా వచ్చిందో లేదో చూద్దామని ఆమె ఒకసారి రింగిచ్చింది. పీకిన బంతి మొక్క ఇంకా చేతిలో ఉండగానే, గండయ్య ఇస్త్రీ అంగీ జేబులో ఫోను మోగింది.